పల్ప్ గోడౌన్‌ని ఆటోమేటిక్ చేయాలంటే: ప్యాలెట్ దగ్గర మొదలుపెట్టండి

తోతాపురి మామిడి సీజన్ దగ్గరపడే కొద్దీ చిత్తూరు, గంగాధర నెల్లూరు, పుత్తూరు, రేణిగుంట వైపు పల్ప్ యూనిట్ల వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "కార్టన్లు పేర్చడానికి హమాలీలు దొరకట్లేదు. రోబో పెట్టి గోడౌన్ మొత్తం ఆటోమేటిక్ చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

చేయొచ్చు. అయితే కొటేషన్లు తెప్పించుకునే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం మీ చేతిలోనే ఉంది, పెద్దగా ఖర్చు కూడా కాదు. ఆ పని వదిలేస్తే ఎంత ఖరీదైన మెషీన్ తెచ్చినా సీజన్ మధ్యలో గంటకోసారి ఆగుతుంది. వంకరగా వచ్చిన ప్యాలెట్‌ని (సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క బల్లని) మనిషి కాస్త సర్ది లోపల పెట్టేస్తాడు. మెషీన్ అలా సర్దుకోదు, ఎర్రలైటు వెలిగించి ఆగిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో చాలా భాగం ప్యాలెట్ గురించే ఉంటుంది.

ముందు మూడు పేర్లు తెలిస్తే చాలు. కార్టన్లని ప్యాలెట్ మీద పేర్చేది ప్యాలెటైజర్, ఇప్పుడు ఎక్కువగా రోబో చేయి. ర్యాక్ లేన్ (ప్యాలెట్లు ఒకదాని వెనక ఒకటి నిలిచే వరస) లోపల పట్టాల మీద పరుగెత్తి ప్యాలెట్‌ని లోపలికి, బయటికి చేర్చే చిన్న బండి షటిల్. రెండు ర్యాకుల మధ్య సందులో నడుస్తూ ఏ గదిలోకైనా ప్యాలెట్ పెట్టే నిలువాటి యంత్రం స్టాకర్ క్రేన్. ఏఎస్ఆర్ఎస్ (సరుకు దానంతటదే పెట్టి, తీసే వ్యవస్థ) అని సేల్స్ వాళ్లు చెప్పేది చాలాసార్లు ఈ క్రేన్ పద్ధతినే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పోయిన రెండు సీజన్ల రోజువారీ ప్రొడక్షన్, డిస్పాచ్ లెక్కలు. నెలవారీ సగటు పనికిరాదు, రోజువారీవే కావాలి.
- మీరు ప్యాక్ చేసే ప్రతి కార్టన్, ప్రతి డ్రమ్ము కొలతలు, నిండు బరువు. డ్రాయింగ్‌లో ఉన్నది కాదు, టేపు పెట్టి కొలిచినది.
- ఇప్పుడు వాడుతున్న ప్యాలెట్లలోంచి ఏరకుండా తీసిన ఒక ఇరవై.
- షెడ్డు డ్రాయింగ్: స్తంభాల మధ్య దూరం, పైకప్పు కింద దొరికే ఎత్తు, ఫ్లోర్ మందం.
- టేపు, లేజర్ లెవెల్ (లేకపోతే నీళ్ల ట్యూబు లెవెల్), చాక్‌పీస్, తూకం.
- క్యూసీ (నాణ్యత పరీక్షించే) వాళ్లు, డిస్పాచ్ సూపర్‌వైజరు. ఈ ఇద్దరూ లేకుండా మీటింగ్ పెట్టకండి. గోడౌన్‌లో సరుకు ఎందుకు ఆగుతుందో, ఎందుకు కదులుతుందో వాళ్లకే బాగా తెలుసు.

1. సరుకు ఎంత వేగంగా వస్తుందో లెక్క కట్టండి

ఉదాహరణకి మీ ఏ10 డబ్బాల (సుమారు మూడు కిలోల పల్ప్ పట్టే ఇనుప డబ్బాల) లైన్ నిమిషానికి 6 కార్టన్లు ఇస్తుందనుకుందాం. గంటకు 360. ప్యాలెట్‌కి 49 కార్టన్లు పడితే (ఈ 49 ఎలా వచ్చిందో మూడో మెట్టులో చూద్దాం) గంటకు 7 ప్యాలెట్లు, కాస్త ఎక్కువ. అంటే ఎనిమిది నిమిషాలకి ఒకటి.

ఒక మాదిరి స్టాకర్ క్రేన్ గంటకు 25, 30 ప్యాలెట్లు పెట్టగలదు. మీకు కావాల్సింది 7. ఈ లెక్క చేయకుండా క్రేన్ కొంటే దాని శక్తిలో ముప్పావు భాగం ఖాళీగా కూర్చుంటుంది.

ఇక నిల్వ. రోజుకు 16 గంటలు, 60 రోజుల సీజన్, గంటకు 7 చొప్పున: 6,720 ప్యాలెట్లు. ఈలోపు రోజుకు 25 చొప్పున కంటైనర్లలో వెళ్లిపోతే 1,500 తగ్గి 5,220 మిగులుతాయి. మీ గోడౌన్ పట్టాల్సింది సీజన్ చివరి రోజున ఉండే ఈ సరుకుని. దాని మీద ఇంకో 10 నుంచి 15 శాతం ఖాళీ ఉంచండి. నూటికి నూరు శాతం నిండిన గోడౌన్‌లో ప్యాలెట్ జరపడానికి చోటుండదు.

2. ప్యాలెట్‌ని ఒకే సైజుకి తెచ్చేయండి

ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు పడతారు. ఎగుమతి ప్యాలెట్లు ఒకచోట, లోకల్‌వి ఇంకోచోట, డబ్బాలు తెచ్చిన లారీతో వచ్చినవి కొన్ని, ఇలా అన్నీ కలిసిపోయి ఉంటాయి. షటిల్‌కి, క్రేన్‌కి ఇది కుదరదు.

కార్టన్లకి 1200×1000 మి.మీ., నాలుగు వైపులా ఫోర్క్ దూరే ప్యాలెట్ తీసుకోండి. మన దగ్గర సులువుగా దొరుకుతుంది, కంటైనర్‌లోకీ బాగా సరిపోతుంది.

డ్రమ్ముల సంగతి వేరు. అసెప్టిక్ పల్ప్ (క్రిములు లేకుండా చేసి, గాలి తగలకుండా నింపే పల్ప్) డ్రమ్ము వ్యాసం సుమారు 585 మి.మీ. రెండు పక్కపక్కన పెడితే 1170. నాలుగు డ్రమ్ముల్ని 1200×1000 మీద పెడితే ఒక దిశలో 170 మి.మీ. బయటికి వేలాడతాయి. నేల మీద పెట్టినప్పుడు ఎవరూ పట్టించుకోరు. ర్యాక్‌లోకి వెళ్లేటప్పుడు మాత్రం ఆ వేలాడిన అంచు పక్క స్తంభానికి తగులుతుంది. డ్రమ్ములకి 1200×1200 ప్యాలెట్ వాడండి, ర్యాక్‌లో వాటికి వేరే లేన్లు గీయించండి. రెండు రకాలూ ఒకే లేన్‌లో పట్టేలా చేస్తామని ఎవరైనా అంటే డ్రాయింగ్ మీద కొలతలతో చూపించమనండి.

ఎగుమతికి వెళ్లే చెక్క ప్యాలెట్‌కి ఐఎస్‌పీఎం-15 (చెక్కతో పాటు పురుగులు దేశం దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. చెక్క లోపలి భాగం కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండి ఉండాలన్నది దాని నియమం, ముద్రలో హెచ్‌టీ అని ఉంటుంది. విరిగిన పలకని మీ వడ్రంగి మామూలు చెక్కతో మార్చేస్తే ఆ ప్యాలెట్ ఎగుమతికి పనికిరాదు. బాగుచేసినవాటికి రంగు పూసి లోకల్ సరుకుకి వేరుగా పెట్టండి.

ఎలా చెక్ చేయాలి: కార్టన్ ప్యాలెట్లకి చెక్కలతో ఒక చట్రం చేయించండి, లోపలి కొలత 1210×1010. అందులో దూరని ప్యాలెట్ లైన్ మీదికి వెళ్లకూడదు. బయటికి పొడుచుకొచ్చిన మేకు, కదిలే దిమ్మ, చీలిన కింది పలక, ఈ మూడింటిలో ఏది కనిపించినా పక్కన పెట్టండి.

ఇంకో పరీక్ష చాలా మంది చేయరు, దయచేసి చేయండి. ప్యాలెట్‌కి రెండు చివర్లా కింద ఇటుకలు పెట్టి, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా నిండు బరువు ఎక్కించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కింద దారం కట్టి మధ్యలో ఎంత కుంగిందో కొలవండి. షటిల్ ర్యాక్‌లో ప్యాలెట్ సరిగ్గా ఇలాగే రెండు పట్టాల మీద నెలల తరబడి కూర్చుంటుంది. ఎక్కువ కుంగితే కిందికి వచ్చే షటిల్ దానికి తగిలి ఇరుక్కుంటుంది. ఎంత కుంగు వరకు ఫరవాలేదో షటిల్ కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. కింది పలకలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి అడ్డంగా పట్టి ఉండాలి. పలకలు పట్టాల వెంబడే ఉన్న ప్యాలెట్ జారి పడే ప్రమాదం ఉంది.

3. పేర్పు తేల్చుకోండి

ఏ10 డబ్బా వ్యాసం 157 మి.మీ., ఎత్తు 178. ఆరు డబ్బాల కార్టన్ సుమారు 480×320×185 వస్తుంది. ఒక్కో డబ్బాలో 3.1 కిలోల పల్ప్, డబ్బా బరువు, అట్ట బరువు కలిపితే కార్టన్ సుమారు 21 కిలోలు.

1200×1000 మీద ఇలా పేర్చండి: ఒక వరసలో 480 వైపు పొడవు దిశలో పెట్టి మూడు కార్టన్లు, దాని పక్కన 320 వైపు పొడవు దిశలో పెట్టి రెండేసి చొప్పున రెండు వరసలు. 480, 320, 320 కలిపితే 1120. వెడల్పు 960. మొత్తం 7 కార్టన్లు, ఎక్కడా అంచు దాటదు. ఇలాంటి పొరలు ఏడు వేస్తే 49 కార్టన్లు, సుమారు 1,030 కిలోలు, ప్యాలెట్‌తో కలిపి ఎత్తు 1450 మి.మీ. లోపు.

పొర పొరకీ పేర్పు తిప్పాలా, అన్నీ ఒకే తీరున వేయాలా? అట్టపెట్టె బలమంతా నాలుగు మూలల్లో ఉంటుంది. మూల మీద మూల వస్తే ఎక్కువ బరువు మోస్తుంది, తిప్పితే ఆ బలం బాగా తగ్గుతుంది. అయితే ఏ10 కార్టన్‌లో బరువు మోసేది అట్ట కాదు, ఇనుప డబ్బా. కాబట్టి ఇక్కడ పొరలు తిప్పి అల్లుకున్నట్టు వేయడమే మంచిది, స్టాక్ కదలదు. పౌచ్‌లు, పెట్ బాటిళ్లు, పాల ఉత్పత్తుల కార్టన్లయితే మూల మీద మూల పెట్టి స్ట్రెచ్ ఫిల్మ్ (చుట్టూ బిగించే సాగే ప్లాస్టిక్) మీద ఆధారపడండి. రెండు పొరలకోసారి పలచని అట్టషీటు వేస్తే ఇంకా నయం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది. జూన్‌లో గట్టిగా ఉన్న అట్ట నవంబరులో మెత్తబడుతుంది. అందుకే పేర్పు పరీక్షని ఎండాకాలంలో ఒకసారి చేసి వదిలేయకండి.

4. ఫిల్మ్ చుట్టడం, లేబుల్

ఫిల్మ్ కింది చుట్లు మూడు, అవి ప్యాలెట్ చెక్క పైభాగాన్ని కూడా పట్టుకోవాలి. ఫోర్క్ దూరే కంతలు మాత్రం మూసుకోకూడదు. పైకి వెళ్లేటప్పుడు ఒక చుట్టు మీద ఇంకోటి సగం వరకు ఎక్కాలి. పైన రెండు చుట్లు.

ఫిల్మ్ తోక వేలాడకూడదు. ఆటోమేటిక్ గోడౌన్‌లో కారణం తెలియక మెషీన్ ఆగిందంటే నేను మొదట చూసేది దాన్నే. లోపలికి వెళ్లే ముందు ప్యాలెట్ కొలతలు చూసే సెన్సార్ల గేటు ఉంటుంది. గాలికి ఊగే నాలుగంగుళాల ఫిల్మ్‌ని కూడా అది సరుకు బయటికి పొడుచుకొచ్చిందనే అనుకుంటుంది. చివర్ని వేడితో అతికించే ర్యాపర్ తీసుకోండి, లేదా చేత్తో లోపలికి దోపించండి.

లేబుల్ పక్కపక్కనున్న రెండు ముఖాల మీద అంటించండి. లేబుల్ కింది అంచు నేల నుంచి 400 నుంచి 800 మి.మీ. మధ్య, మూల నుంచి కనీసం 50 మి.మీ. లోపలికి ఉండాలి. ఒక్కో ప్యాలెట్‌కి 18 అంకెల ఎస్‌ఎస్‌సీసీ నంబరు (ప్రతి ప్యాలెట్‌నీ వేరుగా గుర్తించేది) ఇవ్వండి. బ్యాచ్ నంబరునే ప్యాలెట్ నంబరుగా వాడితే ఒకే బ్యాచ్‌లోని వంద ప్యాలెట్లకీ తేడా తెలియదు.

చెక్ చేసే తీరు: పై పొర, కింది పొర మీదుగా ఒకే నిలువు గీత చాక్‌పీస్‌తో గీయండి. ఫోర్క్‌లిఫ్ట్ మీద ఎత్తి, ఆవరణంతా ఒక చుట్టు తిప్పి, మామూలు వేగంలో రెండు మూడు సార్లు గట్టిగా బ్రేకు వేయించండి. చుట్టూ ఎవరూ ఉండకూడదు. దింపాక గీత 20 మి.మీ. కంటే ఎక్కువ విడిపోతే ఫిల్మ్ బిగువో, పేర్పో మార్చాలి.

5. రోబో ఎంచుకోండి (కార్టన్లకి మాత్రమే)

కేటలాగ్‌లో 20 కిలోలు ఎత్తుతుందని రాసిన చిన్న కోబాట్ (మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన రోబో చేయి) చూసి మన కార్టన్ 21 కిలోలే కదా, దగ్గర దగ్గర సరిపోతుందిలే అనుకోకండి. ఆ అంకెలో గ్రిప్పర్ (పెట్టెని పట్టుకునే భాగం) బరువు కూడా కలిసే ఉంటుంది. కార్టన్ 21, గ్రిప్పర్ 8 నుంచి 10 వేసుకుంటే 30 కిలోలకి పైన మోసేది కావాలి. పైగా చేయి పూర్తిగా చాపినప్పుడు మోసే శక్తి తగ్గుతుంది, దూరపు మూలలో ఏడో పొర పెట్టేటప్పుడు ఎంత మోస్తుందో అడగండి.

గ్రిప్పర్‌లో వాక్యూమ్ రకం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ 21 కిలోల కార్టన్‌ని పై అట్ట పట్టుకుని ఎత్తితే బరువంతా టేపు మీద పడుతుంది. టేపు సరిగా అంటకపోయినా, అట్ట మీద దుమ్మున్నా పెట్టె జారుతుంది. ఏ10 కార్టన్లకి కింద నుంచి పట్టు ఇచ్చే గ్రిప్పరే అడగండి. డెమోకి వెండర్ తెచ్చుకున్న పెట్టెలు కాదు, మీ కార్టన్లు మీరే పంపండి. వాటిలో కొన్ని కావాలనే తడిగా, కొన్ని కాస్త నలిగినవిగా ఉండాలి.

డ్రమ్ములకి రోబో అక్కర్లేదు. అసెప్టిక్ ఫిల్లర్లలో చాలా వాటిని ప్యాలెట్ మీద పెట్టిన నాలుగు డ్రమ్ముల్నీ అక్కడే నింపేలా పెట్టుకోవచ్చు. నిండిన డ్రమ్ము 230 కిలోలు దాటుతుంది. దాన్ని ఒకసారి దింపి మళ్లీ ప్యాలెట్ మీదికి ఎక్కించే పనే పెట్టుకోకండి.

నిమిషానికి రెండు మూడు కార్టన్లే వచ్చే చిన్న యూనిట్‌కి రోబో బదులు, పొర నిండే కొద్దీ కిందికి దిగే లిఫ్ట్ టేబుల్ చాలు. మనిషి నడుము వంచకుండా ఒకే ఎత్తులో పేరుస్తాడు. నా మాట వింటే మొదటి సీజన్‌కి అదే పెట్టి, ప్యాలెట్ నాణ్యత నిలబడ్డాక రోబో గురించి ఆలోచించండి.

6. ర్యాక్: క్రేనా, షటిలా?

రకాలు తక్కువ, ఒక్కో బ్యాచ్‌లో ప్యాలెట్లు ఎక్కువ, రెండు మూడు నెలల్లో నిండి ఏడాదంతా ఖాళీ అయ్యే సరుకు మనది. దీనికి లోతైన లేన్లున్న షటిల్ ర్యాకే సరైనదని నా గట్టి అభిప్రాయం. వందల రకాల సరుకు, రోజూ కొంచెం కొంచెం తీసే స్పేర్ పార్టుల లాంటి గోడౌన్‌కి క్రేన్ బాగుంటుంది.

లేన్ లోతుని షెడ్డు పొడవుని బట్టి కాక బ్యాచ్‌ని బట్టి తేల్చండి. రోజుకు 16 గంటలు, గంటకు 7 అంటే ఒక రోజు బ్యాచ్ 112 ప్యాలెట్లు. లేన్‌కి 14 పడితే సరిగ్గా 8 లేన్లు. లేన్‌కి 30 పడేలా చేస్తే నాలుగు లేన్లు పట్టి, ఆఖరి లేన్‌లో 8 చోట్లు వృథాగా పోతాయి, ఎందుకంటే వాటిలో వేరే బ్యాచ్ పెడితే వెనకది ఇరుక్కుంటుంది. ఒక లేన్‌లో ఒకే బ్యాచ్ అన్న నియమం పాటిస్తే ఒకవైపు నుంచే పెట్టి తీసే లేన్ చాలు. లేదంటే రెండు వైపులా దారి కావాలి.

వెండర్‌ని రాతపూర్వకంగా అడగాల్సినవి: భూకంప లెక్క ఐఎస్ 1893 ప్రకారం వేశారా, ఫ్లోర్ మీద ఒక్కో స్తంభం పాదానికి ఎంత బరువు పడుతుంది, రేకుల షెడ్డు పైభాగంలో మే నెల వేడికి షటిల్ బ్యాటరీ తట్టుకుంటుందా, సర్వీసు ఇంజనీరు ఎక్కడి నుంచి, ఎన్ని గంటల్లో వస్తాడు. ఫైర్ నిబంధనల గురించి ర్యాక్ డ్రాయింగ్ ఖాయం కాకముందే అగ్నిమాపక శాఖతో మాట్లాడండి. స్ప్రింక్లర్ పైపులకి చోటు తర్వాత దొరకదు.

7. సాఫ్ట్‌వేర్‌లో హోల్డ్ ఉందో లేదో చూడండి

పల్ప్ ప్యాక్ అయిన రోజే అమ్మకానికి రాదు. ఇంక్యుబేషన్ (శాంపిళ్లని వెచ్చగా ఉంచి చెడతాయేమో చూడటం) పూర్తయి క్యూసీ రిలీజ్ ఇచ్చేదాకా ఆగాలి. డబ్ల్యూఎంఎస్‌లో (గోడౌన్ స్టాకు చూసే సాఫ్ట్‌వేర్‌లో) ప్రతి ప్యాలెట్‌కి హోల్డ్, రిలీజ్, రిజెక్ట్ అనే స్థితులు ఉండాలి. హోల్డ్‌లో ఉన్నదాన్ని డిస్పాచ్ వాళ్లు అడిగినా సిస్టమ్ ఇవ్వకూడదు. డెమోలో ఇదే ప్రయత్నించండి. ఎక్స్‌పైరీ ముందుగా వచ్చేది ముందు బయటికి రావాలన్న నియమం కూడా అక్కడే పరీక్షించండి.

సర్వర్‌కి, కంట్రోల్ ప్యానెల్‌కి యూపీఎస్ తప్పనిసరి. కరెంటు ఒక్క సెకను పోయి వచ్చినా షటిల్ ఎక్కడుందో సిస్టమ్ మరిచిపోకూడదు.

8. మేలోపు నడిపి చూసుకోండి

బిగింపు మార్చికల్లా అయిపోవాలి. పోయిన ఏడాది మిగిలిన స్టాకుతోనో, ఇసుక నింపిన డబ్బాలతోనో ఏప్రిల్ అంతా నడపండి. కాయలు యార్డుకి వచ్చాక పరీక్షలు పెట్టుకుంటే అటు ప్రొడక్షనూ ఇటు పరీక్షా రెండూ చెడతాయి.

చూడాల్సినవి:

- లోడ్ ఎక్కిన బీమ్ మధ్యలో కుంగు, పొడవులో 200వ వంతు దాటకూడదు. 2700 మి.మీ. బీమ్‌కి 13 మి.మీ. దాకా.
- కొత్తలో, మళ్లీ నిండు లోడ్ మీద పట్టాల లెవెల్. పాత షెడ్డు ఫ్లోర్లు లోడ్ పడ్డాక కుంగుతాయి.
- మధ్యాహ్నం ఎండలో సెన్సార్లు. పైకప్పు పారదర్శక రేకుల్లోంచి సూటిగా పడే ఎండ ఫొటో సెన్సార్‌ని తప్పుదారి పట్టిస్తుంది. వెండర్లు ఉదయమే డెమో చూపించి వెళ్లిపోతారు, మీరు రెండు గంటలకి కూడా నడిపించండి.
- కరెంటు కావాలనే తీసి, మళ్లీ ఇచ్చి ఎన్ని నిమిషాల్లో కోలుకుంటుందో.
- షటిల్ లేన్ మధ్యలో ఆగిపోతే ఎలా బయటికి తీస్తారో, మీ మనుషుల చేతే.

ఈ చివరిదాంట్లో చాలా జాగ్రత్త కావాలి. ఆగిన షటిల్‌ని తీయడానికి మనిషి లేన్‌లోకి దూరకూడదు. రెండో షటిల్‌తోనో, వెండర్ ఇచ్చిన లాగే పరికరంతోనో తీయాలి. రోబో కంచె లోపలికి వెళ్లాల్సి వస్తే మెయిన్ స్విచ్ ఆపి, వెళ్లే మనిషి తన సొంత తాళం వేసుకుని, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. "ఒక్క నిమిషమే కదా" అని కంచె గేటు స్విచ్‌కి అయస్కాంతం అంటించి నడిపే అలవాటు కనిపిస్తే ఆ రోజే ఆపించండి. 21 కిలోల పెట్టెతో తిరిగే చేయి దారిలో మనిషి ఉన్నాడో లేడో చూసుకోదు.

నెల తర్వాత లెక్క సరిచూసుకోవడం

మొదటి నెల ప్రతి ఆగుడునీ రాయించండి: టైము, ఎంతసేపు, కారణం. నడవాల్సిన సమయంలోంచి ఆగిన సమయం తీసేసి శాతం కట్టండి. కొనుగోలు ఒప్పందంలో 97, 98 శాతం రాయించుకుని, చివరి వాయిదా డబ్బుని దానికి ముడిపెట్టండి. తర్వాత కారణాల వారీగా విడదీయండి. ప్యాలెట్, ఫిల్మ్, కార్టన్ వల్ల ఆగినవి ఎక్కువుంటే వెండర్‌కి ఫోన్ చేసి లాభం లేదు, రెండో మెట్టుకి వెనక్కి వెళ్లండి. సెన్సార్లు, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ వల్లయితే ఆ చిట్టానే ఆధారంగా వెండర్ ముందు పెట్టండి.

స్టాకు సరిచూడ్డానికి రోజుకు ఐదు లేన్లు ఎంచుకుని సిస్టమ్ చెప్పిన ప్యాలెట్ల సంఖ్య, బ్యాచ్ నంబరు కళ్లతో పోల్చండి. లేన్‌లో ముందున్న ప్యాలెట్‌ని స్కాన్ చేసి అంతటితో సరే అనుకోకండి, వెనకున్నవి లెక్కపెట్టమని షటిల్‌కి చెబితే అదే లెక్కపెడుతుంది. చాలా షటిళ్లలో ఆ సౌకర్యం ఉంటుంది. రెండు లెక్కలూ కలవకపోతే ఆ లేన్‌ని బ్లాక్ చేసి, చివరిగా ఫోర్క్‌లిఫ్ట్‌తో చేత్తో తీసిన ప్యాలెట్ ఏదో కనుక్కోండి. నేను చూసినంతవరకు తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది: అర్జెంటు కంటైనర్ కోసం స్కాన్ చేయకుండా తీసిన ప్యాలెట్ దగ్గర.